కొండ మీద మఠం, నేలమాళిగలో వైన్

ఈ నెల బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే ప్రయాణం గురించి అడిగాయి. స్పెయిన్‌లోని బార్సిలోనాకు వెళ్ళినవారు మోంట్సెరాట్ కొండ మీది మఠాన్నీ, కావా అనే బుడగల వైన్ తయారయ్యే నేలమాళిగలనూ ఒకే పగలు చూసి రావచ్చా అన్నది వాటి సారాంశం. ఆరో ఉత్తరం స్పెయిన్ దాకా వెళ్ళలేనివారిది. సందేహాలు ఒకదానికొకటి అల్లుకుని ఉన్నందున ఈసారి శీర్షిక మొత్తాన్నీ వీటికే కేటాయించాను.

ప్రశ్న (జయనగర్ నుంచి ఒక పాఠకురాలు): మా అమ్మాయి బార్సిలోనాలో చదువుకుంటోంది. అక్టోబరులో నేనూ మావారూ అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్తున్నాం. అత్తగారికి డెబ్బయి నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ట్రావెల్స్ వారు ఉదయం మఠం, మధ్యాహ్నం వైన్ నేలమాళిగలు అంటూ ఒక రోజు పర్యటన చూపించారు. దేవుడి దర్శనం చేసుకుని నేరుగా మద్యం తీసే చోటికి పోవడమేమిటని ఆవిడ నొచ్చుకున్నారు. ఈ రెండింటినీ కలపడం సబబేనా? ఒక్క రోజు సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, కాకపోతే ఉదయం కొండకు, మధ్యాహ్నం నేలమాళిగకు వెళ్ళాలి. ఈ వరుస తిరగబడితే రోజంతా చెడుతుంది. కారణం తరువాత చెబుతాను, అంతకన్నా ముందు అత్తగారి మాట చూద్దాం.

మోంట్సెరాట్‌లో ఉన్నది బెనెడిక్టైన్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసుల మఠం. 1025లో ఒలిబా అనే మఠాధిపతి దాన్ని స్థాపించాడు. నెపోలియన్ సైన్యాలు 1811, 1812 సంవత్సరాల్లో దాన్ని ధ్వంసం చేయగా మళ్ళీ కట్టుకున్నారు కనుక, ఈనాడు మనకు కనిపించే గోడల్లో చాలా భాగం ఆ తరువాతివే. వారి సంప్రదాయంలో వైన్ అపవిత్రం కాదు, ఆరాధనలోనే వాడే పదార్థం. యూరప్‌లో మధ్యయుగాల నాటి ద్రాక్షతోటల పెంపకంలో మఠాలకు పెద్ద పాత్ర ఉండేది. షాంపేన్‌తో పేరు ముడిపడిన డోమ్ పెరిన్యోన్ కూడా ఇదే బెనెడిక్టైన్ శాఖ సన్యాసి, తన మఠంలో వైన్ కొట్టు బాధ్యత చూసినవాడు. బుడగల వైన్‌ను ఆయనే కనిపెట్టాడన్న మాట మాత్రం కట్టుకథ. అత్తగారి మనసు మార్చడానికి ఇదంతా చెప్పడం లేదు, అక్కడివారికి ఈ రెండూ ఎందుకు ఎదురుబొదురుగా కనిపించవో తెలియడానికి చెబుతున్నాను. ఆవిడకు ఇష్టం లేకపోతే నేలమాళిగకు రమ్మని ఒత్తిడి చేయవద్దు. వచ్చినా తాగవలసిన అవసరం ఎక్కడా ఉండదు. పీపాలు, సొరంగాలు, సీసాల వరుసలు చూపించాక ఆఖరున గ్లాసులు పెట్టే గది వస్తుంది, ఆవిడ ఆ గుమ్మం ముందు ఆగిపోతే సరి. చాలా చోట్ల పిల్లలకు ద్రాక్షరసం ఇస్తారు, అడిగితే పెద్దలకూ ఇస్తారు.

ఇక కొండ. గుండ్రటి రాళ్ళను సున్నంలో కలిపి పోత పోసినట్టు ఉంటుంది, దగ్గరికి వెళ్ళి చూస్తే నిజంగానే గులకరాళ్ళు పొదిగి కనిపిస్తాయి. కోట్ల సంవత్సరాల కిందట నదులు తెచ్చి సముద్రపు అంచున పోసిన గులకరాళ్ళు గట్టిపడి, పైకి లేచి, వానలకు అరిగి వేళ్ళలా విడిపోయాయి. మోంట్సెరాట్ అంటేనే రంపపు పళ్ళ కొండ. ఎత్తయిన శిఖరం 1,236 మీటర్లు, మఠం ఉన్నది సుమారు 720 మీటర్ల దగ్గర.

అత్తగారికి అక్కడ నచ్చేది నల్లని మరియమాత విగ్రహం అనుకుంటున్నాను. పన్నెండో శతాబ్దపు కొయ్య విగ్రహం, మీటరుకు లోపు ఎత్తు, ఒడిలో బాలుడు. 1881లో పోప్ ఆ తల్లిని బార్సిలోనా ఉన్న కతలూన్యా ప్రాంతానికి రక్షకురాలిగా ప్రకటించారు. ఊళ్ళో అందరూ ముద్దుగా మొరెనెటా, అంటే నల్లపిల్ల అని పిలుస్తారు. ఆ నలుపు శతాబ్దాల దీపాల మసి వల్ల వచ్చిందని చెప్పుకుంటారు. విగ్రహం ముందు అద్దం ఉంటుంది, కుడిచేతిలోని గోళం ఉన్నచోట మాత్రం అద్దానికి రంధ్రం చేశారు. వరుసలో నిలబడి, మెట్లెక్కి, ఆ గోళాన్ని వేళ్ళతో తాకి ముందుకు జరగాలి. మొత్తం మూడు నాలుగు క్షణాల పని. నేను వెళ్ళిన రోజున నా ముందున్న ముసలావిడ చేతిసంచీ నేలమీద పెట్టి, గోళాన్ని తాకిన వేళ్ళను ముద్దు పెట్టుకుని, సంచీ మరిచిపోయి వెళ్ళిపోయింది. వెనుక వస్తున్న కుర్రవాడు దాన్ని తీసుకుని ఆవిడ వెంట పరుగెత్తాడు. తిరుమల క్యూలైన్లలో అలవాటైన మనకు అక్కడ ఎవరూ జరగండి జరగండి అనకపోవడం కొంచెం వింతగా ఉంటుంది. మెట్లు కొన్నే అయినా మోకాళ్ళ దృష్ట్యా నిదానంగా ఎక్కించండి. ప్రవేశానికి మఠం వారి వెబ్‌సైటులో ముందే సమయం కేటాయించుకోవాలి.

వరుస తిరగబడకూడదన్నది బాలల గాయక బృందం వల్ల. ఎస్కొలానియా అనే ఆ బృందం యూరప్‌లోని అతి పాత బాలల బృందాల్లో ఒకటి, పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటూ పాడతారు. సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం ఒంటిగంటకు పాడతారు. వేసవి సెలవుల్లో, క్రిస్మస్ సెలవుల్లో, బృందం పర్యటనలకు వెళ్ళినప్పుడు ఉండదు. మీరు వెళ్ళేది అక్టోబరులో కనుక అవకాశం ఎక్కువ, ఆ వారం తేదీలు మాత్రం చూసుకోండి. పాట పది నిమిషాలకు మించదు. అయినా ఆ పది నిమిషాల కోసం రోజంతా సర్దుకోవచ్చు అన్నది నా అభిప్రాయం. మొదటిసారి నేను ఒక టూరు బస్సులో వెళ్ళాను. మఠం దగ్గర ఇచ్చింది గంటన్నర, అందులో ముప్పావు గంట జ్ఞాపికల దుకాణంలో గడిచింది, పాట మొదలయ్యే వేళకు మా బస్సు కొండ దిగుతోంది. మీ ట్రావెల్స్ వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, ఒంటిగంటకు మేము ఎక్కడ ఉంటాం అన్నది. సూటిగా చెప్పకపోతే వదిలేయండి.

ప్రశ్న (మారతహళ్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): టూరు బస్సు అక్కరలేదు, రైళ్ళలోనే తిరగాలని మా ఇద్దరి ఆలోచన. మఠం చూసి వైన్ ఊరికి వెళ్ళాలంటే మళ్ళీ బార్సిలోనాకు రావలసిందేనా?

జవాబు: రావలసిన పని లేదు, చాలామంది వచ్చి రెండు గంటలు పోగొట్టుకుంటారు. బార్సిలోనాలో ప్లాసా ఎస్పాన్యా స్టేషన్ నుంచి ఆర్-5 రైలెక్కాలి, సుమారు గంట ప్రయాణం. కొండెక్కడానికి రెండు మార్గాలు ఉన్నాయి, రెండింటికీ దిగే స్టేషన్లు వేరు. ముందు వచ్చే మోంట్సెరాట్ ఆయెరి స్టేషన్‌లో దిగితే 1930 నాటి రోప్‌వే అయిదు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. తరువాతి మొనిస్ట్రోల్ స్టేషన్‌లో దిగితే పళ్ళ పట్టా మీద నడిచే కొండరైలు ఉంటుంది, దానికి పావుగంట పైన పడుతుంది. ఉమ్మడి టికెట్టు కొనేటప్పుడే ఏది కావాలో చెప్పాలి, ఒకదాని టికెట్టుతో రెండోదాన్ని ఎక్కనివ్వరు. మెట్లు, ఎత్తుల భయం ఉన్నవారికి కొండరైలే మేలు. పై ఉత్తరంలోని అత్తగారికి కూడా నేను దాన్నే సూచిస్తాను.

తిరుగు ప్రయాణంలో అదే ఆర్-5లో బార్సిలోనా వైపు వస్తూ మార్తొరెల్ సెంట్రల్‌లో దిగండి. అక్కడే వేరే సంస్థ నడిపే రైళ్ళ స్టేషన్ కూడా కలిసి ఉంటుంది. బార్సిలోనాకు ఎదురు దిక్కుగా పోయే ఆర్-4 రైలెక్కితే ఒక స్టేషన్ దాటి సాంత్ సదుర్నీ ద అనోయా వస్తుంది, కావా వైన్‌కు రాజధాని లాంటి ఊరు. స్టేషన్ గోడను ఆనుకునే కావా తయారుచేసే ఫ్రెషెనెట్ వారి భవనం ఉంటుంది. మరో కావా సంస్థ కొదోర్నియు వారి ఆవరణ ఊరి బయట, నడకకు కాస్త దూరం. ఒంటిగంట పాట విని, తినడానికి గంట తీసుకుని బయలుదేరినా, సాయంత్రం నాలుగున్నరకు నేలమాళిగ సందర్శన పెట్టుకోవచ్చు. దానికి సుమారు గంటన్నర పడుతుంది, ముందుగా బుక్ చేసుకోవాలి, ఆఖరి విడత ఎన్నింటికో కనుక్కోవాలి. ఆదివారం మధ్యాహ్నం మూసివేసేవారు ఎక్కువ కనుక పనిదినాలే ఎంచుకోండి. అక్కడి నుంచి ఆర్-4 ముప్పావు గంటలో మిమ్మల్ని నేరుగా బార్సిలోనా నడిబొడ్డుకు చేరుస్తుంది. ఇలా త్రిభుజంలా తిరిగితే ఒకే దారిలో రెండుసార్లు పోనక్కర లేదు.

ప్రశ్న (రాజాజీనగర్ నుంచి విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు): కావాకూ షాంపేన్‌కూ తేడా పేరులోనేనా? బుడగలు లోపలికి ఎలా వస్తాయి? నేలమాళిగలో నిజంగా చూడదగినది ఏమిటి?

జవాబు: మాస్టారూ, మీరు గోలీ సోడా తాగే ఉంటారు. అందులో వాయువును బయటి నుంచి నింపి, గోలీతో బంధిస్తారు. కావాలో వాయువు సీసాలోనే పుడుతుంది. ముందుగా మామూలు తెల్ల వైన్ తయారుచేసి, దానికి కొంత చక్కెర, కొంత ఈస్టు కలిపి సీసాలో పోసి మూత బిగిస్తారు. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండిలో జరిగే పనిలాంటిదే అక్కడా జరుగుతుంది, కాకపోతే గిన్నె మీది మూత లేచినట్టు ఆ మూత లేవదు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ విడుస్తుంది, పోయే దారి లేని వాయువు వైన్‌లోనే కరిగిపోతుంది. లీటరుకు నాలుగు గ్రాముల చక్కెర సుమారు ఒక అట్మాస్ఫియర్ పీడనాన్నిస్తుంది. ఇరవై నాలుగు గ్రాములు వేస్తే ఆరు వస్తుందన్న లెక్క మీరు నోటితోనే వేయగలరు. కారు టైరులోని గాలికి రెండింతలకు పైమాటే కనుక ఆ సీసాలు దళసరిగా, అడుగు లోపలికి నొక్కినట్టు ఉంటాయి.

పద్ధతి షాంపేన్‌దే. తేడా నేలలో, ద్రాక్షలో, వాతావరణంలో. కావాకు ప్రధానంగా వాడేవి మకబెయో, షరెల్లో, పరెల్యాదా అనే మూడు స్థానిక తెల్లద్రాక్షలు. కొదోర్నియు కుటుంబానికి చెందిన జుసెప్ రవెంతోస్ 1872లో ఈ పద్ధతిలో అక్కడ మొదటి సీసాలు తీశాడు. తరువాత 1880ల చివరలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు వచ్చి, సాంత్ సదుర్నీ ఉన్న పెనెదెస్ ప్రాంతంలోని తోటలను తుడిచిపెట్టింది, మళ్ళీ నాటినప్పుడు రైతులు ఎర్రద్రాక్షకు బదులు ఎక్కువగా తెల్లద్రాక్ష వేశారు. అలా ఒక తెగులు ఒక పరిశ్రమకు దారి వేసింది. షాంపేన్ అన్న పేరు ఫ్రాన్స్‌లోని ఆ ప్రాంతపు వైన్‌కే చెందుతుందన్న తగాదా వల్ల ఇరవయ్యో శతాబ్దంలో వీరు కావా అన్న పేరుకు మారారు. ఆ మాటకు అర్థం నేలమాళిగ అనే.

చూడదగినది అక్కడి నిరీక్షణ. మామూలు కావా సీసా కనీసం తొమ్మిది నెలలు, రిజర్వా పద్దెనిమిది నెలలు, గ్రాన్ రిజర్వా ముప్పై నెలలు ఆ చీకట్లో పడి ఉండాలి. పని ముగించిన ఈస్టు చచ్చి అడుగున మడ్డిగా చేరుతుంది, వైన్‌కు వేడి బ్రెడ్డు వాసన ఇచ్చేది ఆ మడ్డే. దాన్ని తీయడం అసలు చేతిపని. రెండు చెక్కపలకలను నిచ్చెనలా ఆనించి, వాటి రంధ్రాల్లో సీసాలను మెడ కిందికి ఉండేలా గుచ్చుతారు. పనివాడు రోజూ వచ్చి రెండు చేతులతో రెండేసి సీసాలను పట్టుకుని, చిన్న కుదుపుతో ఎనిమిదో వంతు తిప్పి, ఇంకాస్త నిలువుగా వాలుస్తాడు. వారాల తరబడి ఇలా చేస్తే మడ్డి అంతా మెడలోకి దిగుతుంది. మేము వెళ్ళిన చోట గైడు ఒక సీసా వెనుక టార్చి వెలిగించి చూపించాడు: మజ్జిగ అడుగున తేరినట్టు, సన్నని తెల్లటి గీత గాజు వెంబడి జారుతోంది. ఇప్పుడు ఎక్కువ భాగం ఇనుప బోనుల్లాంటి యంత్రాలే కొద్ది రోజుల్లో తిప్పేస్తున్నాయి, చెక్కపలకలు చూపించడానికీ, ఖరీదైన సీసాలకూ మిగిలాయి. ఆపైన మెడను గడ్డకట్టే చల్లని ద్రావణంలో ముంచి, మూత తీస్తారు. లోపలి పీడనమే మడ్డి పట్టిన మంచుగడ్డను బయటికి తన్నేస్తుంది. తగ్గిన మేరకు వైన్, కావలసినంత చక్కెర కలిపి పోసి బిరడా బిగిస్తారు. ఆ చక్కెరను బట్టే అట్టమీది పేరు: బ్రూట్ నేచర్ అంటే లీటరుకు మూడు గ్రాముల లోపు, బ్రూట్ అంటే పన్నెండు లోపు, సెమీ సెకో అంటే ముప్పై రెండు నుంచి యాభై. మనవాళ్ళు మొదటిసారి బ్రూట్ నేచర్ తాగి ముఖం చిట్లిస్తారు, సెకో అన్న మాటకు పొడి అని అర్థం ఉన్నా అందులో తీపి ఉంటుందని తెలియక.

కట్టడాల మీద ఆసక్తి ఉంటే కొదోర్నియు మేలు. జుసెప్ పుచ్ ఇ కదఫాల్క్ అనే వాస్తుశిల్పి ఇటుక కమానులతో కట్టిన ఆ భవనాలను 1976లో జాతీయ స్మారకంగా గుర్తించారు. లోపలి సొరంగాలు ఎంత పొడవంటే, సందర్శకులను ఒక చిన్న బండిలో ఎక్కించి తిప్పుతారు. మెడకు శాలువా ఒకటి ఉంచుకోండి, బయట ఎండ మండుతున్నా లోపల చలిగానే ఉంటుంది.

ప్రశ్న (మల్లేశ్వరం నుంచి ఒక పాఠకురాలు): శుద్ధ శాకాహారులం. రోజంతా ఏం తినాలి?

జవాబు: పులిహోర కట్టుకెళ్ళండి. కొండ మీద ఆరుబయట కూర్చుని తినడానికి చోటు ఉంటుంది. బయట కొనాలంటే టొమాటో రుద్ది నూనె చల్లిన బ్రెడ్డు, కాల్చిన వంకాయ, కాప్సికమ్‌లతో చేసే ఎస్కలివాదా దొరుకుతాయి. మాంసం వద్దంటే చేప పెట్టవచ్చు, చేప వద్దంటే పంది మాంసపు తునకలు చల్లవచ్చు. అందుకని సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్ అని మూడూ విడివిడిగా చెప్పండి. మఠం దారిలో చుట్టుపక్కల రైతులు తేనె, మతో అనే తాజా జున్ను అమ్ముతారు. ఉప్పులేని తెల్లటి ముద్ద, మన పన్నీరుకు మెత్తటి చెల్లెలు, పైన తేనె పోసిస్తారు. పాలు విరగడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడి ఉండవచ్చు, పట్టింపు ఉన్నవారు అడిగి తీసుకోవాలి.

ప్రశ్న (ఇందిరానగర్ నుంచి ఒక పాఠకుడు): కారు అద్దెకు తీసుకుంటే ఎక్కువ సౌకర్యం కదా? ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

జవాబు: రుచి చూడదలచినవారు నడపకూడదు, ఇందులో రాజీ లేదు. కొండ దిగే మలుపులూ ఆ తరువాతి హైవే రెండూ తెలియని దారులే. సీసాల విషయంలో మన కస్టమ్స్ నియమం ప్రకారం ఒక్కొక్కరికి రెండు లీటర్ల మద్యం వరకు సుంకం లేదు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు కనుక ఒకరికి రెండు సీసాలు, మూడోది పెడితే పరిమితి దాటుతుంది. చేతిసంచీలో భద్రతా తనిఖీ దాటనివ్వరు, పెట్టెలోనే పెట్టాలి. ఒక్కో సీసాను పాత తువ్వాలులో చుట్టి పెట్టె మధ్యలో, బట్టల మధ్య పడుకోబెట్టండి. ఇంటికి చేరాక ఒక రోజు కదపకుండా ఉంచి, బాగా చల్లబరిచాకే తెరవండి. బిరడాను కాక సీసాను తిప్పాలి.

ప్రశ్న (యలహంక నుంచి ఒక పాఠకుడు): స్పెయిన్ దాకా వెళ్ళే స్తోమత లేదు. ఇలాంటి రోజు మన దగ్గర దొరుకుతుందా?

జవాబు: మీరు ఉన్నదే ఆ దారిలో. నంది కొండ 1,478 మీటర్లు, మోంట్సెరాట్ శిఖరం కన్నా ఎత్తు. నెల్లూరు దాకా పోయే మన పెన్న పుట్టింది ఈ కొండల వరుసలోనే. పైన యోగనందీశ్వరుడు, కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడు ఉన్నారు. అందరూ పైకి పరుగెత్తి సూర్యోదయం ఫొటో తీసుకుని దిగిపోతారు గానీ, నా దృష్టిలో చూడవలసింది కింది గుడే. తొమ్మిదో శతాబ్దం నాటి మూలాలున్న ఆ ఆలయంలో నల్లరాతి స్తంభాల మీది చెక్కడాన్నీ, చుట్టూ మెట్లు దిగిన కోనేరునూ చూడటానికి రెండు గంటలు చాలవు. దొడ్డబళ్ళాపురం వైపు వైన్ తయారుచేసే గ్రోవర్ వారి ద్రాక్షతోటలో సందర్శన ఉంటుంది, దానికీ ముందుగా బుక్ చేసుకోవాలి. దారిలో పందిళ్ళ మీద వేలాడే నల్లద్రాక్ష బెంగళూరు బ్లూ, భౌగోళిక గుర్తింపు పొందిన రకం, గింజ కాస్త పెద్దది, తోలు మందం. తెల్లవారకముందే కొండ, పది గంటలకల్లా కింది గుడి, మధ్యాహ్నం తోట అనుకుని బయలుదేరండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, ఘాట్ మొదట్లోనే కార్ల వరుసలో సూర్యోదయం అయిపోతుంది.